నోరు కట్టుకోవడం నోటి చేతిలో లేదమ్మా

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 39. చిత్తూరు దగ్గర మామిడి జ్యూస్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. మూడేళ్ల కిందట పట్టుబట్టి డైట్ చేసి 84 నుంచి 71కి వచ్చాను. ఏడాదిన్నర తిరిగేసరికి తగ్గిన 13 కిలోల్లో 11 మళ్లీ వచ్చేశాయి. మధ్యాహ్నం కడుపు నిండా తిన్నా, సాయంత్రం బస్టాండు దగ్గర బజ్జీల వాసన తగిలితే కాళ్లు అక్కడే ఆగిపోతాయి. మా తోడికోడలు ఒక జిలేబీ తిని పళ్లెం పక్కన పెట్టేస్తుంది, నాకది చేతకాదు. మా అత్త ‘నోరు కట్టుకోలేవా’ అంటుంది. మా ఆయన ఏమీ అనడు కానీ నేను రెండోసారి అన్నం పెట్టుకుంటుంటే చూస్తాడు. షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. నాకే మనసు గట్టిది కాదా? అందరూ చెప్పుకుంటున్న ఇంజెక్షన్ వేయించుకోవచ్చా? తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్నాను, ఉపవాసం ఉండి మెట్లెక్కితే బరువు తగ్గుతుందా? – ఒక సోదరి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కిలోల లెక్క దగ్గర కాదు, ‘మా ఆయన చూస్తాడు’ అన్నచోట ఆగిపోయాను. తిరుపతిలో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది రక్తపరీక్ష కాగితాల కన్నా ముందు ఇలాంటి చూపుల గురించే చెప్పుకుంటారు. అందుకే మందుల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మీ మనసు మీద పడిన నింద గురించి మాట్లాడతాను.

మన భాషలో ఆకలి వేరు, యావ వేరు. ఆకలి కడుపుది, యావ మనసుది అని అనుకుంటాం. ఆకలేస్తే తినడం న్యాయం, యావ పుట్టి తినడం తప్పు అని ఇంట్లో పెద్దలు తీర్పు చెప్పేది ఈ లెక్క మీదే. కానీ శరీరంలో ఈ రెండింటికీ మధ్య గోడ లేదు. కడుపు, పేగులు పంపే హార్మోన్లే మెదడులో ఆకలిని చూసుకునే చోటుకూ, రుచినీ ఇష్టాన్నీ చూసుకునే చోటుకూ కబురు చేరుస్తాయి. యావ కూడా చాలావరకు కింది నుంచి వచ్చే కబురే.

పేగుకు ఇలా కబురు పంపే శక్తి ఉందని తెలిసి నూరేళ్లు దాటింది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్నపేగు నుంచి వచ్చే సెక్రెటిన్‌ను కనిపెట్టారు. ‘హార్మోన్’ అనే మాటను 1905లో స్టార్లింగ్ వాడుకలోకి తెచ్చింది కూడా దాని వెనకే. అంటే హార్మోన్ల కథ మొదలైందే పేగులో. అయినా మనం హార్మోన్లు అనగానే థైరాయిడ్ దగ్గరే ఆగిపోతాం.

ఇప్పుడు మీ సాయంత్రం బజ్జీల సంగతికి వస్తాను. ఖాళీ కడుపు నుంచి వచ్చే హార్మోన్ పేరు గ్రెలిన్. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా దీన్ని కనిపెట్టారు. భోజనానికి ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. 2008లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్నవారికి గ్రెలిన్‌ను రక్తంలోకి ఎక్కించి, ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, తిండి ఫోటోలు చూపించారు. ఇష్టాయిష్టాలకూ, కోరికకూ, రుచి జ్ఞాపకానికీ సంబంధించిన మెదడు భాగాలు ఆ ఫోటోలకు మామూలుకన్నా గట్టిగా స్పందించాయి. ఫోటో మారలేదు, చూసే మనిషీ మారలేదు. రక్తంలో ఒక్క హార్మోన్ పెరిగింది, తిండి మరింత ఆశగా కనబడింది. ఆకలి రుచెరుగదు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

గ్రెలిన్‌కు ఇంకో గుణం ఉంది. రోజూ తినే వేళను అది గుర్తు పెట్టుకుని, ఆ వేళకు ముందే పెరుగుతుంది. రోజూ ఆరింటికి బజ్జీలు తింటే ఒళ్లు ఆరింటికి బజ్జీలకు సిద్ధమై కూర్చుంటుంది. పైగా మీరు పొద్దున టిఫిన్ తింటారో లేదో రాయలేదు. కాఫీ మీదే పదకొండు దాకా నెట్టుకొచ్చే అలవాటుంటే సాయంత్రం కాళ్లు ఆగిపోవడంలో దానికీ వాటా ఉంటుంది.

ఇక ‘చాలు’ అని చెప్పే హార్మోన్లు. అన్నం, పప్పు, నూనె చిన్నపేగు మొదట్లోకి దిగగానే, ముఖ్యంగా కొవ్వుకూ మాంసకృత్తులకూ, సీసీకే అనే హార్మోన్ వస్తుంది. అది అక్కడికక్కడే వేగస్ నరాన్ని తట్టి మెదడుకు వార్త పంపుతుంది. పేగు కింది భాగంలో ఎల్ కణాలని ఉంటాయి. జీఎల్‌పీ-1, పీవైవై అనేవి వాటి నుంచి వస్తాయి. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, మెదడుకు ఇక చాలని చెబుతాయి. జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌కు కూడా సాయం చేస్తుంది. ఎదురుగా జిలేబీ ఉన్నా చేయి వెనక్కి రావడమంటే ఈ వార్త సమయానికి చేరిందని అర్థం. మీ తోడికోడలిది పెద్ద నిగ్రహమని మీరు అనుకుంటున్నారు. ఆమెకు ఆ వార్త గట్టిగా వినబడుతూ ఉండవచ్చు, అంతే.

ఇది ఆమెను తక్కువ చేయడానికి చెబుతున్న మాట కాదు. లండన్‌లో రేచల్ బాటర్‌హామ్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. వాళ్లు చూసింది సన్నగా ఉన్న మగవాళ్లనే. ఎఫ్‌టీఓ అనే జన్యువులో ఒక రకం ఉన్నవారికి భోజనం చేశాక గ్రెలిన్ తగ్గాల్సినంత తగ్గలేదు. తిండి ఫోటోలకు వాళ్ల మెదడు స్పందించే తీరులో కూడా తేడా ఉంది. అందరి బరువూ ఒకటే, అందరూ తిన్నదీ ఒకటే. పుట్టుకతో వచ్చిన తేడా మాత్రం లోపల పనిచేస్తూనే ఉంది.

ఒళ్లు పెరిగాక ఈ తేడాలు ఇంకా ముదురుతాయి. ఊబకాయం ఉన్నవారిలో పరగడుపున గ్రెలిన్ నిజానికి తక్కువే ఉంటుంది. చాలామంది ఇది విని ఆశ్చర్యపోతారు. చిక్కేమిటంటే తిన్న తర్వాత అది సరిగా దిగదు, పీవైవై కూడా చాలామందిలో ఎక్కాల్సినంత ఎక్కదు. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ సంగతి మరీ విచిత్రం. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దాన్ని కనిపెట్టినప్పుడు ఊబకాయానికి మందు దొరికిందని లోకం సంబరపడింది. తీరా చూస్తే లావుగా ఉన్నవారి రక్తంలో లెప్టిన్ దండిగా ఉంది, మెదడే దాని మాట వినడం మానేసింది. పీవైవై విషయంలో మాత్రం మెదడు చెవిటిదై పోలేదు. 2003లో దాన్ని రక్తంలోకి ఎక్కించి చూస్తే, సన్నవాళ్లూ లావువాళ్లూ ఇద్దరూ ఆ పూట సుమారు 30 శాతం తక్కువ తిన్నారు. నాకు ఇందులో ఆశ కనిపిస్తుంది. కబురు సరిగా అందితే వినే చెవి ఇంకా ఉంది.

మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు గుర్తొచ్చిన పరిశోధన మాత్రం 2023లో వచ్చినది. ఆమ్‌స్టర్‌డామ్, యేల్ శాస్త్రవేత్తలు కలిసి చేశారు. నోటి ప్రమేయం లేకుండా, రుచీ వాసనా తెలియకుండా, సన్నని గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి చక్కెర నీళ్లో కొవ్వో పంపి మెదడును గమనించారు. మామూలు బరువున్నవారిలో తిండి అందిందని మెదడుకు తెలిసింది, దాని చురుకుదనం మారింది. ఊబకాయం ఉన్నవారి మెదడులో ఆ మార్పు చాలా మందంగా ఉంది. కడుపు నిండింది, మెదడుకు నిండలేదు. తర్వాత వాళ్లను 12 వారాల డైట్‌లో పెట్టి పది శాతం బరువు తగ్గించి మళ్లీ చూశారు. అప్పటికీ ఆ స్పందన తిరిగి రాలేదు. కడుపు నిండా తిన్నా కాళ్లు ఆగిపోతాయని మీరు రాశారే, అది ఇలాంటిదే అయివుండవచ్చు.

తగ్గిన బరువు తిరిగి రావడానికీ ఇదే దారి. ఆస్ట్రేలియాలో 2011లో ప్రచురించిన పరిశోధనలో 50 మందికి పది వారాల కఠినమైన డైట్ ఇచ్చారు. సగటున పదమూడున్నర కిలోలు తగ్గారు, ఇంచుమించు మీరు తగ్గినంతే. ఏడాది గడిచాక వాళ్ల రక్తం పరీక్షిస్తే గ్రెలిన్ డైట్‌కు ముందున్న దానికన్నా ఎక్కువగానే ఉంది, లెప్టిన్, పీవైవై, సీసీకే తక్కువగానే ఉన్నాయి. ఆకలి కూడా మొదటికన్నా ఎక్కువే ఉందని వాళ్లు చెప్పారు. కరువొచ్చిందని శరీరం అనుకుంది. పోయిన కొవ్వును తిరిగి సంపాదించమని ఏడాది తర్వాత కూడా మెదడుకు చెబుతూనే ఉంది. మీరు ఆ ఏడాదిన్నరా రోజుకు మూడు పూటలా దీనితో పోరాడారు, అదీ ఇంట్లో మాటలు పడుతూ. దాన్ని మనసు గట్టిది కాకపోవడం అంటే నేను ఒప్పుకోను.

నేనూ చాలా ఏళ్లు ‘తక్కువ తినండి, ఎక్కువ నడవండి’ అని చీటీ రాసి పంపినదాన్నే. బరువు తిరిగొచ్చి తలదించుకుని కూర్చున్నవారిని మళ్లీ అదే మాట అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అలాంటి మాటలు పడలేక చికిత్సకే రావడం మానేసినవారు ఉన్నారు.

ఇప్పుడు చేయగలిగినది. ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్కను బీఎంఐ అంటారు, మీది 34 దాకా ఉంది. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. షుగర్ బార్డర్‌లో ఉంది కాబట్టి ఇది అందం సంగతి కాదు, వైద్యం కావలసిన సంగతి. థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు చేయించండి. నెలసరి క్రమం తప్పుతున్నా, నిద్రలో గురక గట్టిగా వస్తున్నా డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

తిండిలో నేను మొదట మార్చమనేది తినే వరస. జపాన్‌లో షుగర్ ఉన్నవారి మీద చేసిన పరిశోధనలో అన్నం కన్నా ముందు చేపో మాంసమో తిన్నవారిలో జీఎల్‌పీ-1 ఎక్కువగా వచ్చింది, కడుపు నిదానంగా ఖాళీ అయింది, షుగర్ తక్కువ పెరిగింది. మన వంటింట్లో దీనికి కొత్తగా కొనేది ఏమీ లేదు. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు పితికిపప్పు కూర చేస్తారు కదా, ముందు దాన్ని ఒక గిన్నెడు తిని తర్వాత సంగటి ముద్ద పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఉడికించిన అలసందలు, గుడ్లు, ఆకుకూర పప్పు. నాటుకోడి పులుసు వండినరోజు ముక్కలు ముందు, సంగటి తర్వాత. రాగి సంగటి తింటే బరువు తగ్గుతామని ఈమధ్య తెగ ప్రచారం జరుగుతోంది. సంగటి మంచిదే, అన్నం కన్నా పీచు ఎక్కువ. కానీ అదీ పిండిపదార్థమే. రెండు ముద్దలు సంగటి, పక్కన వేలెడంత ఊరిమిండి పచ్చడి అయితే లాభం లేదు.

నిదానంగా తినడం గురించి మీకు ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు. దానికి ఆధారం ఉంది. ఒకే కొలత ఐస్‌క్రీమ్‌ను ఐదు నిమిషాల్లో తిన్నప్పటికన్నా అరగంటలో తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువ వచ్చాయని 2010లో చూపించారు. అందరికీ వడ్డించి, చివర్లో పొయ్యి పక్కన నిలబడి ఐదు నిమిషాల్లో ముగించే ఆడవాళ్లకు ఈ సలహా చెప్పడం తేలికే, పాటించడం కష్టం. అందుకే ఇది మీకు కాదు, మీ ఇంట్లోవారికి చెబుతున్నాను. ఆమెతో కలిసి కూర్చుని తినండి.

ప్యాకెట్ తిండి విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను, వీలైనంత తగ్గించండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ 2019లో ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటి తిండి పెట్టారు. ముందు పెట్టిన పళ్లేల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సరిసమానం. ఎంత తింటారో వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఇంటి తిండికి మారాక పీవైవై పెరిగింది, గ్రెలిన్ తగ్గింది.

బజ్జీలు పూర్తిగా మానేస్తానని ఒట్టు పెట్టుకోకండి. నాలుగున్నరకే ఆఫీసులో ఒక గుప్పెడు ఉడికించిన చెనిక్కాయలో, గుగ్గిళ్లో, మజ్జిగతో తినండి. వీలైతే కొన్నాళ్లు బండి కనబడని వైపు నుంచి బస్సెక్కండి. వాసన ముక్కుకు తగిలాక పోరాడటం కన్నా తగలకుండా చూసుకోవడం సులువు. వారానికి ఒకరోజు మీరే అనుకుని, భోజనం అయ్యాక రెండు తినండి.

మీరు జ్యూస్ ఫ్యాక్టరీ అని రాయగానే నాకు జూన్, జూలై గుర్తొచ్చాయి. తోతాపురి లారీలు బారులు తీరే ఆ రెండు నెలలు అకౌంట్స్‌వాళ్లు ఎన్ని గంటలకు ఇంటికి చేరతారో నాకు తెలుసు. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. బాగా పడుకున్న రోజులతో పోలిస్తే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, లెప్టిన్ 18 శాతం తగ్గింది, తీపి, పిండి పదార్థాల మీదకు మనసు ఎక్కువగా పోయింది. రెండు రాత్రులకే అంత. సీజన్ మధ్యలో కొత్త డైట్ మొదలుపెట్టకండి. ఆ నెలల్లో బరువు పెరగకుండా చూసుకుంటే చాలు.

ఇక ఇంజెక్షన్. దీని కథ ఒక బల్లి దగ్గర మొదలైంది. మన శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉన్నట్టు, అమెరికా నైరుతి ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంటుంది. దాని విషంలో జీఎల్‌పీ-1ను పోలిన పదార్థాన్ని 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టరు కనిపెట్టారు. మన ఒంట్లోని జీఎల్‌పీ-1 రెండు నిమిషాల్లో సగం విరిగిపోతుంది, అది మాత్రం గంటల తరబడి నిలిచింది. దాని నుంచి పుట్టిన ఎక్సెనటైడ్ 2005లో షుగర్ మందుగా వచ్చింది. దాన్ని ఇచ్చి ఎంఆర్ఐలో చూసినప్పుడు, ఊబకాయం ఉన్నవారి మెదడు తిండి ఫోటోలకు స్పందించడం తగ్గింది. ఇప్పుడు వాడే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఆ దారిలోనే వచ్చినవి. వారానికి ఒక సూది. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు తగ్గడానికి ఇచ్చే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. సెమాగ్లూటైడ్ పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. వేసుకున్నవారు నాతో అనే మాట ఒకటే, ‘తిండి గురించిన ధ్యాస పోయిందమ్మా’ అని. ఏళ్ల తరబడి తమను తాము తిట్టుకున్నవాళ్లు ఆ మాట అంటూ కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను.

మీ బీఎంఐకి, మీ షుగర్‌కి ఈ మందు గురించి అడగడంలో తప్పులేదు. మీరు దానికి తగినవారు కావచ్చు. కానీ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు, ఫోన్‌లో ఆర్డర్ పెట్టేది అసలే కాదు. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉన్నా, మీకు పాంక్రియాస్ వాపు వచ్చి ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా డాక్టరుకు ముందే చెప్పాలి. మొదట్లో వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి ఉంటాయి. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి పప్పు, గుడ్లు తినడం, కండకు పని చెప్పే వ్యాయామం రెండూ తప్పవు. ఆపేస్తే ఏడాదిలో పోయిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధన చెబుతోంది. బీపీ మాత్రలా ఎక్కువకాలం వాడాల్సి వస్తుందని, ఖర్చు మోయగలమా అని ముందే కూర్చుని లెక్క వేసుకోండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. మీకు వేలూరు దగ్గరనుకుంటే సీఎంసీ ఆసుపత్రిలోనూ చూపించుకోవచ్చు.

మీ అత్తగారికి ఇవన్నీ వివరించనక్కర్లేదు. ‘కడుపు నిండినా ఆ కబురు మెదడుకు సరిగా అందని జబ్బట, డాక్టరమ్మ రాసింది’ అనండి. జబ్బు అంటే ఆమె తరంవారు అర్థం చేసుకుంటారు. మీ ఆయనకు మాత్రం ఈ పేజీ చేతికివ్వండి.

చివరగా మొక్కు. ఉపవాసంతో ఎక్కకండి. బార్డర్ షుగర్, 82 కిలోల బరువు మోసే మోకాళ్లు, పైగా ఖాళీ కడుపు అంటే కళ్లు తిరుగుతాయి. మెట్లెక్కినంత మాత్రాన కిలోలు రాలవు, పైకి చేరేసరికి ఆకలి మాత్రం దహించేస్తుంది. సీజన్ అయిపోయి నిద్ర కుదురుకున్నాక, ఓ నెలరోజులు సాయంత్రాలు నడిచి ఒళ్లు అలవాటు చేసుకుని బయల్దేరండి. అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడు ఎక్కువ, అక్కడ తప్పకుండా కూర్చోండి. పొద్దున రెండు గుడ్లో, కాస్త పెసరట్టో తిని మొదలుపెట్టండి, చెనిక్కాయలూ నీళ్లూ సంచిలో ఉంచుకోండి. దర్శనం అయ్యాక తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఆకు ముందు కూర్చుని నిదానంగా భోంచేయండి, కూరా పప్పూ ముందు, అన్నం తర్వాత. లడ్డూ ప్రసాదం ఆ తర్వాత కళ్లకద్దుకుని తినండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి.